కౌంటర్ వదిలి క్లాసుకెళ్తే ఆ పూట షాపు ఎవరు చూస్తారు? చిన్న షాపుల సిబ్బంది శిక్షణకు ప్రభుత్వ సాయం

గల్లాపెట్టె (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాది చిన్న షాపు. పనిచేసేవాళ్లు ఐదుగురు, నేనూ మా ఆవిడా కలిపితే ఏడుగురం. పోయిన నెలలో వరసగా రెండు దెబ్బలు తగిలాయి. కొత్తగా వచ్చిన స్టాకును పాత స్టాకు ముందు పేర్చేశారు. పాతది వెనకే ఉండిపోయి డేటు దాటిపోయింది. ఒక అరలో సరుకు మొత్తం తీసి పారేయాల్సి వచ్చింది. అది అయిన వారానికే, డబ్బు పంపేశానంటూ ఒకడు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకెళ్లిపోయాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చేరి నాలుగు రోజులే. వాళ్ల ఫోన్‌లో ఏం కనిపించినా సరే, మన ఖాతాలో డబ్బు పడ్డాకే సరుకు ఇవ్వాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. ఆ పిల్ల ఏడుస్తూ 'నా జీతంలో పట్టుకోండి సార్' అంటే నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుకోలేదు.

చిన్న వ్యాపారాల్లో సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తే ప్రభుత్వం డబ్బు ఇస్తుందని వింటున్నాను. ఆ డబ్బు ఏ రూపంలో వస్తుంది? ఐదుగురు పనిచేసే షాపు దాకా నిజంగా వస్తుందా? ఇంకోటి కూడా దాచుకోకుండా అడుగుతున్నా. నేర్పించాక వాళ్లు పెద్ద షోరూమ్‌కి వెళ్లిపోతే నా గతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పద్దుపుస్తకం

గల్లాపెట్టె గారూ, నేను చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తుంటాను, డబ్బు సంగతి నేను చెప్తాను. 'ప్రభుత్వం ఇస్తుంది' అని ఒక్క మాటలో అనేస్తాం గానీ దేశాన్ని బట్టి ఆ డబ్బు వేరే వేరే దారుల్లో వస్తుంది. మీ చేతికి అందేది ఆ దారిని బట్టే ఉంటుంది.

బాగా వాడుకలో ఉన్నది సుంకం పద్ధతి. యజమానులు కట్టే జీతాల మొత్తం మీద ఇంత శాతం అని వసూలు చేసి ఒక నిధిలో వేస్తారు. శిక్షణ ఇప్పించినవాళ్లకు అందులోంచి సాయం వస్తుంది. ఫ్రాన్స్‌లో దీనికి 1971 చట్టం పునాది. ఇప్పుడక్కడ 11 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ 0.55 శాతం కడుతుంది, 11 మంది, ఆపైన ఉన్నది 1 శాతం కడుతుంది. 2018లో చట్టం మార్చినప్పుడు, పనిలో ఉన్నవాళ్ల నైపుణ్యం పెంచే నిధిని 50 మంది లోపు సంస్థలకే కేటాయించారు. అది నాకు చాలా నచ్చిన నిర్ణయం. లేకపోతే ఫారాలు నింపడానికి ప్రత్యేకంగా మనుషులున్న పెద్ద కంపెనీలే నిధిని ముందు ఖాళీ చేస్తాయి.

దక్షిణాఫ్రికాలో సుంకం 1 శాతం. ఏడాదికి జీతాల మొత్తం 5 లక్షల ర్యాండ్లు దాటకపోతే కట్టక్కర్లేదు. మలేషియాలో 10 మంది, అంతకు మించి ఉంటే 1 శాతం తప్పనిసరి. 5 నుంచి 9 మంది ఉన్నవాళ్లు ఇష్టముంటే 0.5 శాతం కట్టి చేరొచ్చు. ఇక్కడే చిన్న షాపులవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. మినహాయింపు దొరికిందని సంబరపడతాం, కానీ కట్టనివాళ్లకు వాపసు వచ్చే గ్రాంటు కూడా ఉండదు. మలేషియా పద్ధతిలో 'చేరాలా వద్దా' అన్నది మీ చేతిలో ఉంటుంది. అలాంటి చోట కట్టే అర శాతాన్నీ, పంపగలిగే మనుషులనూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి.

ఇంగ్లండ్‌లో అప్రెంటిస్‌షిప్ లెవీ, అంటే పనిలో చేరి నేర్చుకునేవాళ్ల (అప్రెంటిస్‌ల) శిక్షణ కోసం సుంకం, 2017 ఏప్రిల్‌లో వచ్చింది. జీతాల మొత్తం ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన పెద్ద సంస్థలే 0.5 శాతం కడతాయి. చిన్న షాపు కట్టదు. అయినా దానికి సాయం ఉంది. 2019 నుంచి శిక్షణ ఖర్చులో ప్రభుత్వం 95 శాతం పెట్టుకుంటే యజమాని 5 శాతం పెట్టుకునేవాడు. 2024 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ల వయసు దాకా ఉన్న అప్రెంటిస్‌లకు చిన్న యజమానులు ఆ 5 శాతం కూడా కట్టకుండా చేశారు.

మన దేశం సంగతి ఎవరైనా అడిగితే విడిగా రాస్తాను, ఇప్పటికే పొడుగైంది.

రెండుషట్టర్లు

పద్దుపుస్తకం గారు చెప్పిందంతా ఫీజు సంగతి. నాకు ఫీజు పెద్ద కష్టం కాలేదండీ. నేను పంపింది ఫీజు లేని కోర్సుకే.

ఇద్దరిని పంపాను, పది రోజులు, రోజుకు నాలుగు గంటలు. మా దగ్గర ఉన్నదే నలుగురు. ఇద్దరు వెళ్లిపోతే మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకడు స్టాకు దింపుతుంటే ఒకడు కౌంటర్‌లో. కస్టమర్‌కు వస్తువు చూపించేవాళ్లు లేరు. రోజూ వచ్చేవాళ్లు 'ఏంటి, మనుషులు మానేశారా?' అని అడిగి వెళ్లిపోయేవారు. ఆ పది రోజుల అమ్మకం తగ్గింది, వెళ్లిన ఇద్దరి జీతం ఆపలేదు, పైగా ఉన్నవాళ్లకు ఓవర్‌టైమ్. ఫీజు సున్నా, ఖర్చు మాత్రం సున్నా కాదు.

పోనీ నేర్చుకొచ్చిందేమిటి? వాళ్లకు చూపించిన బొమ్మలన్నీ మూడంతస్తుల పెద్ద షోరూమ్‌లవి. ట్రయల్ రూమ్ దగ్గర ఎలా నిలబడాలి, ఫ్లోర్ మేనేజర్‌కు ఎలా రిపోర్ట్ చేయాలి. మా షాపులో ట్రయల్ రూమ్ లేదు, ఫ్లోర్ మేనేజర్ లేడు. వెళ్లొచ్చిన కుర్రాడు నోట్‌బుక్ తెరిచి నాకు చూపించాడు. చక్కటి రాత, తేదీలు వేసుకుని మరీ రాసుకున్నాడు. 'అన్నా, ఇందులో మనకు పనికొచ్చేది ఏదో మీరే చెప్పండి' అన్నాడు. నేను పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. కస్టమర్ కోపంగా వస్తే ముందు పూర్తిగా విను అన్న ఒక పేజీ తప్ప ఏమీ దొరకలేదు. వాడి శ్రమ చూస్తే బాధేసింది.

నేర్పినవాళ్లు చెడ్డవాళ్లని అనను. ఆ పాఠం మా కోసం రాసింది కాదు, అంతే.

నాలుగోకౌంటర్

నేను యజమానిని కాను. పదకొండేళ్లుగా బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటున్నాను. మా వైపు నుంచి కూడా ఒక మాట.

నన్ను ఇప్పటికి రెండుసార్లు శిక్షణకు పంపారు. మొదటిసారి వారానికి ఒక్కరోజు దొరికే సెలవు రోజునే పెట్టారు. జీతం లేదు, చార్జీలు లేవు. ఇంట్లో పిల్లాణ్ని అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. కూర్చున్నంతసేపూ టెన్షనే. ఏం చెప్పారో ఇప్పుడొక్క ముక్క గుర్తులేదు. రెండోసారి పని రోజునే, పని గంటల్లోనే పంపారు. జీతం ఆపలేదు. అప్పుడు నేర్చుకున్న రిటర్న్ బిల్లు పద్ధతి ఈ రోజుకీ వాడుతున్నాను. వస్తువు వెనక్కి వచ్చినప్పుడు పాత బిల్లు నంబర్ వేసి, వస్తువును స్టాకులోకి మళ్లీ ఎక్కించి, ఆ తర్వాతే డబ్బు తీయాలి. అంతకుముందు ముందు డబ్బిచ్చేసి, సాయంత్రం లెక్క తేలక గల్లా ముందు కూర్చునేవాళ్లం.

రెండుసార్లూ నేర్పినవాళ్లు మంచివాళ్లే. తేడా అంతా ఆ గంటలు ఎవరివి అన్న దగ్గర వచ్చింది. కాబట్టి ప్రభుత్వం డబ్బిచ్చేటప్పుడు 'శిక్షణ గంటలకు జీతం ఇచ్చావా?' అని యజమానిని అడగాలి. అలా అడగని పథకంలో ఫీజు ప్రభుత్వానిది, పాఠం సంస్థది, సెలవు రోజు మాది అవుతుంది.

దూరదేశం

@నాలుగోకౌంటర్ అక్కా, మీరు అడిగిన షరతు కొన్ని చోట్ల ఉంది. ఇంగ్లండ్ అప్రెంటిస్‌షిప్‌లో శిక్షణ మామూలు పని గంటల్లోనే, జీతంతోనే జరగాలి. ఫుల్‌టైమ్ వాళ్లకు వారానికి కనీసం 6 గంటలు అని 2022లో లెక్క కూడా పెట్టారు. అది యజమాని మీద పెట్టిన షరతు.

@రెండుషట్టర్లు అన్న చెప్పిన కష్టానికి సింగపూర్‌లో పేరు పెట్టి మరీ డబ్బిస్తారు. దాన్ని అబ్సెంటీ పేరోల్ అంటారు. మనిషి శిక్షణకు వెళ్లిన గంటలకు యజమాని జీతం కడుతున్నాడు కదా, అందులో కొంత ప్రభుత్వం తిరిగిస్తుంది. 2022 నుంచి గంటకు 4.50 సింగపూర్ డాలర్లు, ఒక సంస్థకు ఏడాదికి లక్ష డాలర్ల దాకా. అదే ఏడాది నుంచి చిన్న, మధ్యతరహా సంస్థలకు గుర్తింపు ఉన్న కోర్సుల ఫీజులో 70 శాతం వరకు రాయితీ కూడా ఉంది. అక్కడా సుంకం ఉంటుంది. జీతం మీద 0.25 శాతం, మనిషికి నెలకు కనీసం 2 డాలర్లు, ఎంత జీతమైనా 11.25 డాలర్లకు మించదు. పెద్ద సంస్థా కడుతుంది, ఇద్దరున్న షాపూ కడుతుంది.

నేను అక్కడ సిబ్బంది వ్యవహారాలు చూసే పనిలో ఉన్నాను. గంటకు 4.50 డాలర్లతో ఆ పూటకు వేరే మనిషిని పెట్టుకోవడం కుదరదు, అది నిజం. కానీ 'నీ కౌంటర్ ఖాళీ అయిందని మాకు తెలుసు' అని ఒక ప్రభుత్వం లెక్కలో చూపించడం చిన్న విషయం కాదు. చాలా పథకాల్లో ఆ గంటలకు గడే ఉండదు.

లెక్కతేలాలి

నేనొక ప్రశ్న వేస్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మన పన్నుల డబ్బుతో ఇచ్చేది కాబట్టి అడగాల్సిందే. షాపు బాగుపడితే లాభం యజమానిది. మరి ఖర్చు అందరిదీ ఎందుకవ్వాలి?

అనుభవాలు కూడా చూడండి. ఇంగ్లండ్‌లో 2006 నుంచి ట్రెయిన్ టు గెయిన్ అని నడిచింది, యజమానుల దగ్గర పనిచేసేవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ. 2009లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే వాళ్ల నేషనల్ ఆడిట్ ఆఫీస్ పరిశీలించి, సగం మంది యజమానులు సబ్సిడీ లేకపోయినా అలాంటి శిక్షణే ఇప్పించి ఉండేవారని తేల్చింది. అంటే ఎలాగూ జరిగేదానికే డబ్బు పోసినట్టు. అంతకుముందు 2000లో వ్యక్తుల పేరు మీద లెర్నింగ్ అకౌంట్లు తెచ్చారు, కోర్సు ఫీజుకు ప్రభుత్వ సాయం అందులోంచి. ఎవరు నేర్పుతున్నారన్న తనిఖీ గట్టిగా లేదు. మోసాలు బయటపడి 2001 నవంబర్‌లో మూసేశారు. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు.

పద్దుపుస్తకం

లెక్కతేలాలి గారూ, ఆ ఆడిట్ మాట నిజమే. దాన్ని పక్కన పెట్టలేం. కానీ సగం మంది సబ్సిడీ లేకున్నా ఇప్పించేవారంటే, మిగతా సగం సంగతి కూడా చూడాలి కదా. ఆ మిగతా సగంలో ఎవరుంటారో నాకు రోజూ కనిపిస్తుంది. నా దగ్గరికి లెక్కలకు వచ్చే చిన్న షాపుల పుస్తకాల్లో శిక్షణ అనే ఖర్చు పద్దే ఉండదు. ఒక్క పైసా కూడా. పెద్ద సంస్థకు శిక్షణ విభాగం ఉంటుంది, సబ్సిడీ ఇచ్చినా ఇవ్వకపోయినా అది నడుస్తుంది. మీరు చూపించిన వృథా నిజంగా ఆగాలంటే డబ్బును చిన్నవాటి వైపు తిప్పాలి. ఫ్రాన్స్ 50 మంది గీత పెట్టింది అందుకే అనుకుంటున్నాను.

ఇక 'లాభం యజమానిది, ఖర్చు అందరిదీ' అన్నారు. మొదటి పోస్టులో గల్లాపెట్టె గారి భయం చూడండి. నేర్పించాక మనిషి వెళ్లిపోతాడేమో అన్నది. వెళ్లిపోతే లాభం ఇంకో షాపుకి, ఆ మనిషికి, అక్కడి కస్టమర్‌కి. ఒక్కడు ఖర్చు పెడితే పదిమందికి పారే నీళ్లు ఇవి. అందుకే ఆ ఒక్కడు కాలవ తవ్వడు.

ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960ల్లోనే దీన్ని విడగొట్టి చెప్పాడు. ఒక్క షాపులోనే పనికొచ్చే విద్య వేరు, ఎక్కడికెళ్లినా పనికొచ్చే విద్య వేరు. రెండోదానికి యజమాని ఖర్చు పెట్టడు, నేర్చుకునేవాడే తక్కువ జీతానికి పనిచేసి ఆ ఖర్చు భరిస్తాడు అన్నాడు. తర్వాత 1990ల చివర్లో డారన్ అసెమొగ్లు, యోర్న్ స్టెఫెన్ పిష్కే అనే ఇద్దరు, లోకంలో అలా సూటిగా జరగదని చూపించారు. ఉద్యోగం మారడం అంత తేలిక కాదు కాబట్టి యజమానులు కొంతవరకు సాధారణ విద్యకు కూడా పెడతారని వాళ్ల వాదన. కానీ 'కొంతవరకు' అన్న చోటే చిన్న షాపు ఆగిపోతుంది.

రెండుషట్టర్లు

వెళ్లిపోతారన్న భయం సంగతి నేను చెప్తాను. నేను పంపిన ఇద్దరిలో ఒకడు ఏడాదికి వెళ్లిపోయాడు. శిక్షణ ఇప్పించకుండా ఉంచుకున్న ఇద్దరిలోనూ ఒకడు వెళ్లిపోయాడు, ఆరు నెలలకే. కాబట్టి నా షాపు వరకు శిక్షణ వల్ల వెళ్లారని అనలేను.

ఒక తెలిసినాయన బాండు రాయించుకోమన్నాడు. రెండేళ్లు ఉండకపోతే డబ్బు కట్టాలని. నేను రాయించుకోలేదు. మనసు లేని మనిషిని కాగితం పెట్టి కౌంటర్‌లో కూర్చోబెడితే కస్టమర్‌తో ఎలా మాట్లాడతాడో మనందరికీ తెలుసు.

నాలుగోకౌంటర్

బాండు వద్దన్నందుకు థాంక్సండీ. మేం వెళ్లేది నేర్చుకున్నందుకు కాదు. నేర్చుకున్నా జీతం అక్కడే ఉంటే వెళ్తాం. రిటర్న్ బిల్లులు, రోజు చివర గల్లా లెక్క, స్టాకు ఎంట్రీ అన్నీ నా మీద వేశారు, మూడేళ్లు జీతం కదల్లేదు. అప్పుడే పాత షాపు మానేశాను. పని పెరిగినప్పుడు ఎంత కొంత పెంచి ఉంటే ఇప్పటికీ అక్కడే ఉండేదాన్ని. ఆ షాపంటే నాకు ఇష్టం.

శిక్షకురాలు

ఆలస్యంగా చూశాను. నేను షాపుల సిబ్బందికి పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను, ప్రభుత్వ పథకాల్లోనూ బయటా. రెండుషట్టర్లు గారి నోట్‌బుక్ సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆ బొమ్మలు నేనూ చూపించాను ఒకప్పుడు. మాకు ఇచ్చిన పాఠం అది, పరీక్ష దాని మీదే, సర్టిఫికెట్ దాన్ని బట్టే. మేం మార్చడానికి వీల్లేదు.

ఇప్పుడు వీలైన చోటల్లా షాపులోకే వెళ్లి చెప్తున్నాను. గల్లాపెట్టె గారికి జరిగిన స్టాకు సంగతినే తీసుకోండి. ముందు వచ్చింది ముందు పోవాలి అన్న సూత్రం క్లాసులో చెప్తే అందరూ తలూపుతారు. షెల్ఫు దగ్గరికి వస్తే చేయి వేరే పని చేస్తుంది. ఎందుకంటే చేతిలో బరువుంటుంది, ముందు ఖాళీ కనిపిస్తుంది, అక్కడ పెట్టేయడం తేలిక.

నేనేం చేస్తానంటే, ఒక్క అర ఎంచుకుంటాం. పెట్టె కింద పెట్టమంటాను. తెరవొద్దు. ముందు షెల్ఫులో ఉన్నవన్నీ బయటికి తీయమంటాను. వెనక గోడ కనిపించాలి. అక్కడ ఒకటో రెండో పాతవి దొరుకుతాయి, ప్రతిసారీ దొరుకుతాయి. ఆ పాత ప్యాకెట్టును చేతిలో పెట్టుకుని దాని మీద డేటు గట్టిగా చదవమంటాను. అప్పుడు మొహం మారుతుంది చూడండి, ఆ క్షణమే అసలు పాఠం. తర్వాత తుడిచి, కొత్తవి వెనక, పాతవి ముందు. మొత్తం పావుగంట. రెండో రోజు అదే పని ఆ మనిషి ఇంకొకరికి నేర్పాలి, నేను మాట్లాడను. మూడో రోజుకి నా అవసరం ఉండదు.

స్క్రీన్‌షాట్ మోసానికీ ఇంతే. ఒకళ్లు కస్టమర్‌లా వచ్చి తొందర పెట్టాలి, 'పంపేశానండీ, చూడండి, బయట బండి ఆగుంది' అనాలి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు 'ఒక్క నిమిషం, మాకు మెసేజ్ రానివ్వండి' అని మర్యాదగా, గట్టిగా అనడం నోటికి అలవాటు కావాలి. ఈ మాట తెలియక కాదు, మనిషి ఎదురుగా నిలబడి తొందర పెడుతుంటే నోరు పెగలదు. కొత్తవాళ్లకు, ముఖ్యంగా చిన్న వయసు ఆడపిల్లలకు మరీ కష్టం. నలుగురైదుగురితో పదిసార్లు అనిపిస్తే వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఇలా పావుగంట పాఠానికి ప్రభుత్వ డబ్బు రావడం చాలా కష్టం. పథకాలకు బ్యాచ్ కావాలి, గది కావాలి, హాజరు కావాలి, ఇన్ని గంటలని లెక్క కావాలి. కెనడాలో 2014లో జాబ్ గ్రాంట్ తెచ్చారు, ఒక్కొక్కరి శిక్షణకు ప్రభుత్వం 10,000 డాలర్ల దాకా ఇచ్చే ఏర్పాటు. నేర్పేది మాత్రం బయటి సంస్థే అయ్యుండాలన్నారు. లెక్కతేలాలి గారు చెప్పిన మోసాలు జరగకూడదనే ఇలాంటి షరతులు పెడతారు, అది నాకు అర్థమవుతుంది. కానీ తనిఖీకి తేలికైన శిక్షణ వేరు, షాపుకు పనికొచ్చే శిక్షణ వేరు అయిపోతున్నాయి. ఈ రెండూ కలిసేదాకా చిన్న షాపు దాకా డబ్బు రాదు.

లెక్కతేలాలి

శిక్షకురాలు గారూ, మీ పోస్టు చదివాక నా ప్రశ్నను కొంచెం మార్చుకుంటున్నాను. గంటలు లెక్కపెట్టే బదులు ఫలితాన్ని లెక్కపెట్టొచ్చా? డేటు దాటి పారేసిన సరుకు శిక్షణకు ముందు నెల ఎంత, తర్వాతి నెల ఎంత. రోజు చివర గల్లాలో తేడా ఎన్నిసార్లు వచ్చింది. ఇవి షాపులో ఎలాగూ ఉండే లెక్కలే.

శిక్షకురాలు

పెట్టొచ్చు, నేనూ అదే అడుగుతున్నాను. కాకపోతే ఒక భయం ఉంది. పారేసిన సరుకు రాయడం అంటే తప్పు ఒప్పుకోవడం అనుకుంటారు సిబ్బంది. గల్లాపెట్టె గారు జీతంలో పట్టుకోలేదు కాబట్టి వాళ్ల షాపులో నిజం రాస్తారు. పట్టుకునే షాపులో రాయరు, దాచేస్తారు. ముందు ఆ భయం పోవాలి.

గల్లాపెట్టె

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పద్దుపుస్తకం గారూ, మన దేశం సంగతి రాస్తానన్నారు.

పద్దుపుస్తకం

రాస్తున్నాను. మన దగ్గర ఇలాంటి సుంకం లేదు. అప్రెంటిస్‌ల చట్టం 1961ది. 2019లో నియమాలు మార్చాక 30 మంది, ఆపైన ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకు ఐచ్ఛికం, మీరు ఇందులోకి వస్తారు. 2016లో వచ్చిన నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడేలా మార్చారు. రిటైల్ రంగానికి, అంటే చిల్లర అమ్మకాల షాపులకు, ఒక స్కిల్ కౌన్సిల్ ఉంది, రాస్కీ (RASCI) అంటారు. క్యాషియర్, సేల్స్ అసోసియేట్ లాంటి పనులకు ఏం వచ్చుండాలో ప్రమాణాలు అదే రాస్తుంది.

ఇందులో ఒక ఖాళీ ఉంది, గమనించండి. అప్రెంటిస్ అంటే కొత్తగా వచ్చేవాళ్లు. ఇప్పటికే మీ దగ్గర పనిచేస్తున్న ఐదుగురికి ఈ దారి కాదు. వాళ్లకు కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవైలో (ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన) ఆర్‌పీఎల్ అని ఒకటి ఉంది. పని చేస్తూ నేర్చుకున్నదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. పదకొండేళ్లు కౌంటర్‌లో ఉన్న నాలుగోకౌంటర్ గారి లాంటివాళ్లకు అది న్యాయం. మీ షెల్ఫు సమస్య మాత్రం సర్టిఫికెట్‌తో తీరదు.

అప్రెంటిస్‌ను తీసుకుంటే ఇంకో జాగ్రత్త. తక్కువ ఖర్చుతో మనిషి దొరికాడని మూటలు మోయించడానికి పెట్టుకోకండి. నేర్పేది ఎవరో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టండి.

దూరదేశం

ఒక చిన్న షాపు బ్యాచ్ నింపలేదు, నిజమే. నాలుగైదు కలిస్తే? ఐర్లండ్‌లో 1999 నుంచి స్కిల్‌నెట్ అని నడుస్తోంది. ఒకే రకం పని చేసే సంస్థలు గుంపుగా చేరి, తమకేం నేర్చుకోవాలో తామే చెప్పుకుంటాయి. ఖర్చులో కొంత ప్రభుత్వ నిధి, కొంత సంస్థలు. నాకు ఇందులో డబ్బు కంటే ఆ 'తామే చెప్పుకోవడం' నచ్చింది. రెండుషట్టర్లు అన్న ఆ గుంపులో ఉండుంటే ట్రయల్ రూమ్ పాఠాన్ని మొదటి రోజే తీసేయించేవాడు.

జర్మనీలో కూడా నేర్పే బాధ్యత షాపుది, స్కూలు పాఠం రాష్ట్ర ప్రభుత్వానిది. సేల్స్ పనికి రెండేళ్ల కోర్సు, రిటైల్ వ్యాపార నిర్వహణ కూడా చేరిస్తే మూడేళ్లు. వారంలో ఒకటి రెండు రోజులు స్కూలు, మిగతావి షాపులో, యజమాని నెలనెలా భత్యం ఇస్తూ. చివరి పరీక్ష పెట్టేది వాణిజ్య మండలి. అందుకే ఏ ఊళ్లో ఏ షాపుకెళ్లినా ఆ కాగితానికి విలువ ఉంటుంది. కౌంటర్‌లో నిలబడటం ఒక విద్య అని వాళ్లు చట్టంలో రాసుకున్నారు. మనవాళ్లలో చాలామంది ఇంకా 'ఏముంది, ఇచ్చేదిచ్చి పుచ్చుకునేది పుచ్చుకోవడమేగా' అంటారు. అది వింటే నాకు కష్టంగా ఉంటుంది.

గల్లాపెట్టె

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మా వరసలోనే ఉన్న మూడు షాపుల యజమానులతో కూర్చున్నాను. నాలుగు షాపులూ కలిపి పద్దెనిమిది మంది సిబ్బంది. నలుగురం కలిసి ఒకే అర్జీ పెడదామనుకున్నాం. అందులో రెండు మాటలు గట్టిగా రాస్తున్నాం. నేర్పేవాళ్లు షాపుకే రావాలని, ఒక షాపు నుంచి ఒక పూట ఒక్కరినే తీస్తామని. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

అర్జీ తేలేదాకా ఆగదలచుకోలేదు. శిక్షకురాలు గారు చెప్పినట్టు నిన్న ఒక అర ఖాళీ చేయించాను. వెనక గోడ దాకా. మూడు పాతవి దొరికాయి. చదివింది ఆ కౌంటర్ అమ్మాయే. చదివి నా వైపు చూసింది, నేనేమీ అనలేదు. 'ఇవి రాసుకోవాలి కదా సార్' అని తనే పుస్తకం తెచ్చింది.

నాలుగోకౌంటర్ గారూ, మీకో ప్రశ్న. రోజూ ఒక పావుగంట పెట్టాలనుకుంటున్నాను. ఏ వేళ పెడితే మీలాంటివాళ్లకు భారం కాదు?

నాలుగోకౌంటర్

రాత్రి షట్టర్ దించే ముందు మాత్రం వద్దండీ. అప్పుడు చెవులకు ఏదీ ఎక్కదు, మనసంతా ఇంటి మీదే ఉంటుంది, బస్సు పోతుందన్న టెన్షన్ వేరే. పొద్దున తెరిచాక మొదటి గంటలో పెట్టండి, జనం పలచగా ఉంటారు. పావుగంట ముందు రమ్మనకండి. రమ్మంటే ఆ పావుగంట జీతంలో వేయండి.

గల్లాపెట్టె

తెరిచాకే పెడతాను. రేపటి నుంచే.